మస్తాన్‌బీ వాటాకొచ్చిన సముద్రం

మిరపకాయల తొడిమలు తీసే రోజుల్లో మా షావుకారు కొట్టు గోడకి పాత రైల్వే బొమ్మ ఒకటి అంటించి ఉండేది. మదరాసు చూసి రమ్మని పిలిచే బొమ్మ. ఎర్రటి స్టేషను, దానికో గడియారపు గోపురం, మెట్లకి తగులుతూ నీలం సముద్రం. ఘాటుకి తుమ్ముకుంటూనే ఆడవాళ్లమంతా ఆ ఊరిని పంచేసుకున్నాం. గోపురం నాది, సముద్రం మస్తాన్‌బీది. "రైలు దిగగానే మీ అందరి కాళ్లూ నా సముద్రంలో కడిగిస్తా" అని ఆవిడ కొట్టంతటికీ మాటిచ్చేది.

ఈ ఏడు కోతలయ్యాక ఇద్దరం బయల్దేరాం. రాత్రి చీరాలలో మా చెల్లెలింట్లో పడుకుని, పొద్దున్నే జనరల్ టిక్కెట్లు తీసుకుని రైలెక్కాం. నెల్లూరు దాటాక చపాతీలు విప్పాం. మా సముద్రం మాటలు విని ఎదుటి సీటావిడ నవ్వింది.

"సెంట్రల్ ముందు సముద్రమా? ఎవరు చెప్పారమ్మా మీకు?"

"నేను బొమ్మ చూశానమ్మా. నువ్వు చూశావా?" అంది మస్తాన్‌బీ.

పదకొండు దాటాక దిగాం. నా గోపురం బొమ్మలో ఉన్నట్టే ఉంది, గడియారం కూడా తిరుగుతోంది. మెట్ల ముందు మాత్రం ఆటోలూ బస్సులూ. మస్తాన్‌బీ మొహం వాడిపోయింది.

"కొట్లో వాళ్లకి ఏం చెప్పను వదినా? ఇన్నేళ్లూ కోతలు కోసినదాన్నయ్యాను."

టీ కొట్టాయనకి తెలుగొచ్చు. "సముద్రానికైతే ముందువైపు గులాబీ రంగున్న బస్సెక్కండమ్మా, ఆడవాళ్లకి టిక్కెట్టు డబ్బుల్లేవు" అని దారి చూపించాడు.

బీచి దగ్గర దిగితే ఎంత నడిచినా ఇసుకే. మా చీరాల పక్క వాడరేవు సముద్రం దగ్గర ఇంత నడక ఎక్కడిది! సగం దారిలో మస్తాన్‌బీ నడుం మీద చెయ్యేసుకుని ఆగింది.

"వదినా, ఈ ఇసుక బొమ్మలో ఉందా?"

"లేదు."

"అంటే గీసినాయన సముద్రాన్ని స్టేషను దాకా లాక్కొచ్చి, దీన్ని ఎగరగొట్టేశాడు. మరి ఇదెవరి వాటా?"

"ఎవరిదీ కాదు."

"చేనుని ఆనుకున్న పోరంబోకు చేనుగలవాళ్లే కదా దున్నుకునేది మనూళ్లో? సముద్రాన్ని ఆనుకుంది కాబట్టి ఇదీ నాదే!"

"ఓసి నీ ఆశ కాలా!" అన్నాను. మిగతా ఇసుక గబగబా దాటేసి, చీర ఎగదోపుకుని అలల్లోకి దిగింది. నా కాళ్లు తన చేత్తోనే కడిగింది. ఇద్దరం సుండలని అక్కడమ్మే గుగ్గిళ్లు కొనుక్కుని, తడి చీరలతో సాయంత్రం రైలందుకున్నాం.

గూడూరులో ఎక్కిన ముసలాయన అడిగాడు: "మదరాసు ఎట్టుందమ్మా?"

"గీసినాయన బాగా తగ్గించి గీశాడండి" అంది మస్తాన్‌బీ. "మీరెళ్తే చెప్పులు చేత్తో పట్టుకోండి. నా ఇసుకలో నడక చాలా ఉంది."