వాల్దిర్ ఏ జట్టు?

మా చెల్లెలి కొడుకు వాల్దిర్ నా హోటల్లో కూర్చుని పళ్ళెం ఖాళీ చేయగా నేనెప్పుడూ చూడలేదు. రోటర్‌డామ్‌లో మా కేప్ వెర్డే దీవులవాళ్ళు ఎక్కువగా ఉండే వీధిలో నాదొక చిన్న హోటలు. పొద్దున్నే మొక్కజొన్నలు, చిక్కుడు గింజలు, పంది మాంసం వేసి కచూపా పొయ్యి మీదికెక్కిస్తే మధ్యాహ్నానికి వీధంతా ఆ వాసనే. ఓడ కొలువులు మానేసిన ముసలాళ్ళు దాన్ని ముందు పెట్టుకుని పూటంతా కబుర్లాడతారు. వీడు మాత్రం నిలబడి ఒక చెంచా నోట్లో వేసుకుని, తలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి ఇంకో చెంచా. కాలుగాలిన పిల్లి అంటారే, సరిగ్గా అదే.

"ఒరేయ్, కూర్చుని తినరా. తిన్నది ఒంటబట్టొద్దూ?" అని కసిరితే, "కూర్చుంటే కాళ్ళు లాగుతాయి పెద్దమ్మా," అనేవాడు.

చివరికి ఆ కాళ్ళే వాడికి కూడు పెట్టాయి. ఫుట్‌బాల్‌లో ఎడమ గీత పక్కన పరిగెత్తే వింగర్ అయ్యాడు. వాళ్ళ నాన్న ఆర్యెన్ డెక్కర్ డచ్చివాడు, రేవులో క్రేన్ నడిపేవాడు. ఉదయం ఒక మాట, సాయంత్రం ఒక మాట, అంతే ఆయన నోరు. వాళ్ళమ్మ ఆర్లిందా నా చెల్లెలు, ఆఫీసుల్లో నేలలు, బల్లలు తుడిచేది. ఇంట్లో బల్ల సొరుగులో వాడికి రెండు పాస్‌పోర్టులుండేవి, నాన్న దేశానిదొకటి, అమ్మ దేశానిదొకటి. ఎన్నో ఏళ్ళు అవి ఒకదాని మీద ఒకటి చప్పుడు చేయకుండా పడి ఉన్నాయి. వాడికి ఇరవై రెండేళ్ళప్పుడు రెండూ ఒకే నెలలో నోళ్ళు తెరిచాయి.

ముందొచ్చింది దీవుల జట్టు తరఫున బల్తజార్ అనే పెద్దాయన. నా హోటల్లోనే కూర్చుని, రెండుసార్లు వడ్డించుకుని, మూతి తుడుచుకుని అసలు సంగతి చెప్పాడు.

"అబద్ధమెందుకు బాబూ, విమానం టికెట్లు ఎప్పుడొస్తాయో మాకే తెలీదు. గదికి ముగ్గురు పడుకోవాలి. కానీ ఎడమ పక్కన పరిగెత్తేవాడు మాకు లేడు. నువ్వొస్తే మొదటి నిమిషం నుంచీ నువ్వే."

ఆ మరుసటి వారమే నారింజ చొక్కాలవాళ్ళ నుంచి, అంటే హాలండు జట్టు నుంచి, ఫోనొచ్చింది. ఎవరికో దెబ్బ తగిలింది, బెంచీ మీద చోటుంది, రమ్మన్నారు. అప్పట్లో రూలు ఏమిటంటే, పెద్దల జట్టుకి పోటీ ఆటలో ఒక్క నిమిషం ఆడినా సరే, ఇక ఆ దేశానికి రాసిచ్చినట్టే. జన్మలో రెండో దేశం చొక్కా తొడగడానికి లేదు. పెళ్ళికైనా విడాకులున్నాయి గాని దీనికి లేవు.

ఆ ఆదివారం నా హోటల్లో జరిగిన రభస ఇంతా అంతా కాదు.

"నారింజే," అంది ఆర్లిందా. "ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో బల్లలు తుడుస్తున్నా. మీ దేశం ఎప్పుడు వెళ్ళిపోతావని ఎవడో ఒకడు అడగని ఏడాది లేదు. నా కొడుకు ఆ చొక్కా వేసుకుని టీవీలో కనబడ్డాక ఇంకెవడు అడుగుతాడో చూస్తా."

"చొక్కా వేసుకుని బెంచీ మీద కూర్చుంటే ఒరిగేదేంటే?" అన్నాను. "వీడికి కూర్చోవడమే రాదు!"

"నువ్వూరుకో అక్కా. నీకు కచూపా తప్ప ప్రపంచంలో ఏమీ పట్టదు."

"ఆ కచూపా తినే పెరిగాడు నీ కొడుకు!"

ఆర్యెన్ కాఫీలో బిస్కట్టు ముంచుకుంటూ, "వదినా, కాళ్ళు వాడివి," అన్నాడు. ఆ రోజుకి ఆయన మాట అయిపోయింది.

వాల్దిర్ తలుపుకీ గల్లాపెట్టెకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. "నాకు ఆడాలనుందమ్మా. ఎక్కడైనా సరే, ఆడితే చాలు. ఒకసారి వీళ్ళకి, ఒకసారి వాళ్ళకి ఆడనివ్వరా?"

"రెండు పడవల మీద కాళ్ళు పెడతానంటే ఎవరు ఒప్పుకుంటార్రా?" అని ఆర్లిందా వాడి చెయ్యి పట్టుకుంది. "నా కోసం, నాన్నా. నేను నిన్నింకేమీ అడగను."

ఏ తల్లైనా అలా అడిగాక కొడుకు ఏమంటాడు? బల్తజార్ గారికి వాడే ఫోన్ చేసి చెప్పాడు. ఆయన తిట్టలేదు, ఆరోగ్యం జాగ్రత్త అన్నాడట. తిట్టినా బాగుండేదని వాడు నాతో అన్నాడు.

ఆట రోజు హోటలు కిక్కిరిసిపోయింది. రెండో సగంలో వీణ్ణి ఒళ్ళు వేడెక్కించుకోమని పంపారు. టీవీలో అసలాట ముందు జరుగుతుంటే వెనకాల గీత పక్కన మావాడు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పరుగులు. వాణ్ణెవరూ పిలవరు, వాడు ఆగడు. మా వీధి ముసలి నావికుడు మతియాస్, "ఆట మొదలెట్టకుండానే అలిసిపోయేట్టున్నాడు మనోడు," అని నవ్వాడు.

నారింజవాళ్ళు గెలుపు ఖాయం చేసుకున్నాక, ఆఖర్లో వాణ్ణి పిలిచారు. వాడు గీత దగ్గర నిలబడ్డాడు. బంతి బయటికి పోతేగాని లోపలికి వెళ్ళడానికి లేదు, అది పోదు. వాడు ఒంటికాలి మీద, మళ్ళీ రెండో కాలి మీద గెంతుతూనే ఉన్నాడు. ఆర్లిందా నేల మీద మోకరిల్లింది. నేను బయటికి చెప్పలేదు గానీ ఆ బంతి అలా లోపలే తిరుగుతుండగా ఆట అయిపోతే బాగుండునని మొక్కుకున్నాను. అది బయటికి పోయింది. వాడు ఒకసారి వెనక్కి తిరిగి చూసి గీత దాటాడు.

అక్కణ్ణుంచి బంతంతా కుడి పక్కనే. వాడు ముందుకి ఉరికాడు, వెనక్కి ఉరికాడు, ఇటివ్వమని చెయ్యెత్తాడు. ఈల వేశారు. బంతి వాడి కాలికి తగలనే లేదు.

ఆర్లిందా టీవీని ముద్దు పెట్టుకుంది. అందరూ ఆమెని ఎత్తుకున్నంత పని చేశారు. నేను వంటింట్లోకి పోయి శుభ్రంగా ఉన్న డేగిసానే మళ్ళీ తోముతూ ఏడ్చాను.

నారింజవాళ్ళు వాణ్ణి మళ్ళీ పిలవలేదు. ఎవర్నీ తిట్టడానికి లేదు, ఆ దేశంలో వాడికన్నా మంచి ఎడమ కాళ్ళు బోలెడున్నాయి. వాడేమో ఊళ్ళు పట్టుకు తిరిగాడు. డెన్మార్క్‌లో గాలి ఆగని ఊరొకటి, బెల్జియంలో ఒకటి, తర్వాత సైప్రస్, మళ్ళీ బెల్జియం. పెట్టెలో బట్టలు బీరువాలోకి ఎక్కేలోపే ఇంకో ఊరు. మధ్యలో మరైకె అనే మంచి పిల్లని చేసుకున్నాడు. కొన్నాళ్ళకి ఆ పిల్లే నా దగ్గరికొచ్చి, "ఈయన పక్కన పడుకుంటే రైల్లో పడుకున్నట్టుంది పెద్దమ్మగారూ, నావల్ల కాదు," అని ఏడ్చింది. ఏమని సర్ది చెప్పను? రైలని నాకూ తెలుసు. విడిపోయారు.

ఇంతలో మా చిన్న దీవుల జట్టు ఆఫ్రికా పెద్ద పోటీకి చేరింది. అబ్బో, ఆ రోజు మా వీధి! డోళ్ళు, జెండాలు, కార్ల మీద కార్లు. నా హోటల్లో నిలబడ్డానికి చోటు లేదు. వాల్దిర్ సెలవు మీద వచ్చి గుమ్మంలో ఆనుకుని చూశాడు. టీవీలో ఎడమ పక్కన ఎవడో కుర్రాడు బంతి పట్టినప్పుడల్లా వీడి కాలు దానంతటదే కదిలేది. అది చూసి మతియాస్, "పాపం, రెంటికీ చెడ్డ రేవడి," అన్నాడు.

అన్నది మెల్లగానే. కానీ పక్కన ఆర్లిందా ఉంది. నేను ఆ ముసలాడి ముందున్న పళ్ళెం లాగేసుకుని, "లే. నీకిక్కడ కచూపా లేదు, పో!" అని బయటికి తోలాను. అప్పటికే ఆర్లిందా మొహం మాడిపోయింది.

ఆ తర్వాతే చొక్కా గొడవ జరిగింది. మా ఇళ్ళన్నిట్లో నడవలో ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఉంటుంది. బియ్యం, నూనె, సబ్బులు, బట్టలు ఏడాది పొడుగునా కూరి, నిండగానే ఓడ మీద దీవుల్లోని చుట్టాలకి పంపుతాం. ఏడాదిగా ఎవరూ తొడగని గుడ్డ డ్రమ్ముకే పోవాలన్నది మా ఇంటి ఆచారం. వాల్దిర్ ఒకసారి వచ్చి బీరువా తెరిచి చూస్తే నారింజ చొక్కా లేదు.

"నా చొక్కా ఏదమ్మా?"

"డ్రమ్ములో వేశా. నూనె సీసాలు పగలకుండా చుట్టా."

"అమ్మా! అది గుడ్డనుకున్నావా?"

"బీరువా తెరిచినప్పుడల్లా అది నన్నే చూస్తోందిరా!" అని ఆర్లిందా అరిచింది. "ఎన్నాళ్ళు చూడను దాని మొహం? నేనే కదా నీకు తొడిగింది!"

వాడు కోటైనా వేసుకోకుండా రేవుకి పరిగెత్తాడు. ఓడ వెళ్ళిపోయింది. చాలాసేపు నీళ్ళ ఒడ్డున అటూ ఇటూ తిరిగి వచ్చాడని ఆర్యెన్ చెప్పాడు. తల్లీకొడుకులు ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కొడుకు వస్తే ఆమె వంట చేసేది, వాడు నిలబడి తినేవాడు, ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకునేవారు. అది చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

ముప్పై అయిదు దాటేసరికి మోకాలు ఇక నావల్ల కాదంది. ఆట మానేశాడు. మానేశాక ఇంకా అన్యాయం, ఒక్క చోట కాలు నిలవదు, చేతులేం చేసుకోవాలో తెలీదు. ఆ వేసవిలో నేనే పట్టుబట్టి తల్లీకొడుకులిద్దర్నీ మా దీవికి, మా ఊరి పండక్కి లాక్కెళ్ళాను.

పండగ రోజు ప్రార్థన అవగానే కొండ కింద మట్టి నేల మీద ఆట. ఊరంతా రాతి గోడ మీదికెక్కి కూర్చుంది. అక్కడ ఎడమ పక్కన, పొట్ట ముందుకొచ్చిన ఒక జాలరి వెలిసిపోయిన నారింజ చొక్కాతో కాళ్ళు చాచుకుంటున్నాడు. వీపు మీద అక్షరాలు సగం ఊడినా మావాడి ఇంటిపేరు తెలుస్తోంది. జనం "డెక్కర్! డెక్కర్!" అని కేకలు. మావాడు తననే అనుకుని తిరిగి చూశాడు. కాదు, జాలరినే. చొక్కా తొడిగిన నాటి నుంచి ఊళ్ళో వాడి పేరు అదే.

వాల్దిర్ గోడ దూకి వాడి దగ్గరికి వెళ్ళాడు. "అన్నా, ఆ చొక్కా నాది."

"నీదెట్లా అయింది? నాతోపాటు సముద్రం మీదకొచ్చింది, నాతోపాటు తడిసింది. వీపు మీద పేరు చూడు, డెక్కర్ అని లేదూ?"

"నా పేరే డెక్కర్."

జాలరి వాణ్ణి ఎగాదిగా చూశాడు. "అయితే చుట్టాలమే. ఆడతావా?"

"ఆడతా," అన్నాడు వాడు, అప్పుడే చెప్పులు విప్పేస్తూ.

ఈల పట్టుకున్న లుసిందో మాస్టారు దగ్గరికొచ్చాడు. ఏ దేశం, ఏ ఊరు, ఎవరి కొడుకువి అని అడుగుతాడనుకున్నాను. "పెళ్ళయిందా?" అనడిగాడు. మా ఊరి పండగ ఆట పెళ్ళయినవాళ్ళకీ కానివాళ్ళకీ మధ్య. ముత్తాతల నాటి నుంచీ అంతే.

వాల్దిర్ తడబడ్డాడు. "అయింది. పోయింది."

ఇక చూడండి రగడ! "అయినవాడు అయినవాడే, మా జట్టు!" అని జాలరి డెక్కర్ ఒక చెయ్యి పట్టుకుంటే, "ఇంటికెళ్తే తిట్టే పెళ్ళాం లేనివాడు పెళ్ళయినవాడెలా అవుతాడు? మావాడు!" అని కుర్రాళ్ళు రెండో చెయ్యి లాగారు. ఫాదర్‌ని పిలుచుకొచ్చారు. చర్చిలో జరిగిందా అని ఆయన అడిగాడు. కాదు, మునిసిపాలిటీ ఆఫీసులో అన్నాడు వీడు. కుర్రాళ్ళు ఈలలు వేశారు. "వేలి మీద ఉంగరం మచ్చ చూడండయ్యా!" అని అవతలివాళ్ళు. మావాడు ఒంటికాలి మీద నిలబడి, మళ్ళీ రెండో కాలి మీదికి మారుతున్నాడు. ఆ నిలబడడం నేను టీవీలో చూసిందే.

"వాళ్ళమ్మ ఉందిగా. తల్లి చెప్పిన మాటే ఖాయం," అన్నారెవరో. గోడ మీదున్న జనమంతా ఆర్లిందా వైపు తిరిగారు.

ఆమె తల అడ్డంగా ఊపింది. "నన్నడక్కండి," అంది. "ఒకసారి చెప్పాను. జన్మకి చాలు."

ఎవరికీ అర్థం కాలేదు. నేను నోరు తెరవబోయేలోపే మాస్టారు టోపీ ఎత్తి బుర్ర గోక్కుని, "దానికింత చర్చ దేనికర్రా, పొద్దుపోతోంది. మొదటి సగం వీళ్ళకి ఆడతాడు, రెండో సగం వాళ్ళకి," అని ఈల వేసేశాడు.

అంతే. సరేనని అందరూ తమ తమ చోట్లకి పోయారు.

మొదటి సగమంతా ఎడమ పక్క నాదంటే నాదని ఇద్దరు డెక్కర్లూ పోట్లాడుకున్నారు. మోకాలికి గుడ్డ చుట్టుకుని కుంటుతూనే మావాడు గోల్‌కి బంతి అందించాడు. సగమయ్యాక పెళ్ళయినవాళ్ళ గుర్తుగా చేతికి కట్టిన తెల్లగుడ్డ విప్పి మాస్టారికిచ్చి, మైదానం మధ్యలోంచి నడుచుకుంటూ అవతలి జట్టులోకి వెళ్ళాడు. కుర్రాళ్ళు జరిగి చోటిచ్చారు.

ఆర్లిందా నా చెయ్యి నలిపేసింది. "అక్కా, మారనిచ్చారే," అంది. "ఇంత తేలికా అక్కా?" అని నా భుజం మీద పడి పెద్దగా ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఆట చూసి ఏడుస్తున్నామనుకుని మాకు నీళ్ళిచ్చారు.

ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు. ఆటయ్యాక వాల్దిర్ దుమ్ము కొట్టుకుపోయి గోడ దగ్గరికొచ్చాడు. ఆర్లిందా పళ్ళెంలో కచూపా పట్టుకుని నిలబడి ఉంది.

"ఒరేయ్ నాన్నా, ఆ రోజు నేను నిన్ను..."

"అమ్మా, ఆకలేస్తోంది," అన్నాడు వాడు.

పళ్ళెం అందుకుని తల్లి పక్కన రాయి మీద కూర్చున్నాడు. అవతల కుర్రాళ్ళు ఇంకో ఆట మొదలెట్టి రమ్మని పిలిచారు. వాడు చెయ్యి ఊపి తింటూనే ఉన్నాడు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా లేవలేదు.