రుద్ర శిఖరం దారిలో పిలుపు

నా చిన్నప్పుడు కోటప్పకొండ తిరునాళ్లకు, ఎడ్లబండి మీద ఎత్తుగా కట్టిన మా ఇంటి ప్రభ కదిలాకే ఊళ్లో మిగతా ప్రభలు కదిలేవి. మా ముత్తాత గ్రామ మునసబు. ఆయన తండ్రి కొండ మీది పాత కోటయ్య స్వామి గుడి దీపానికి చేను రాసిచ్చినవారు. మా తాతయ్య వీధిలో వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. గొప్పకు రాయడం లేదు, ఉన్నదే రాస్తున్నాను.

మా డాబా ఎక్కితే కొండ కనిపించేది. ఎటు నుంచి చూసినా మూడు శిఖరాలు. బ్రహ్మ శిఖరం మీద ఇప్పటి గుడి, అన్నిటికన్నా ఎత్తయిన రుద్ర శిఖరం మీద పాత గుడి. అప్పటికి ఘాట్ రోడ్డు లేదు. ఇప్పటి గుడి దాకా మెట్లు, ఆపైన రాళ్ల మధ్య కాలిబాట. స్వామి జంగమయ్య రూపంలో, తన భక్తురాలు గొల్లభామ వెంట కొండ దిగుతూ, వెనక్కి చూడవద్దన్నాడట. ఆమె బ్రహ్మ శిఖరం దగ్గర తిరిగి చూసింది. స్వామి అక్కడే శిలైపోయాడు. అందుకే కొండ దిగేటప్పుడు వెనక్కి చూడకూడదని మా ఇంట్లో గట్టి పట్టింపు. పిల్లలు జారిపడి ఏడ్చినా ముందు నడిచేవాళ్లు తల తిప్పేవారు కాదు.

తాతయ్య తమ్ముడు, మా చిన తాతయ్య, ఆ కాలిబాట పక్క లోయలోనే పడి చనిపోయారు. నేను పుట్టకముందు సంగతి. ఆయన పేరు ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ఏటా ఆయన తద్దినం నాడు తాతయ్య అన్నం మూట కట్టుకొని ఒంటరిగా కొండెక్కేవారు. ఒక ఏడు నన్నూ రమ్మన్నారు.

నాయనమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "పిల్లనెందుకు ఆ పాడు దారికి?"

"నా తర్వాత ఎవరో ఒకరికి తెలవాల గదా," అన్నారు తాతయ్య.

నేను మెట్ల మీదే రొప్పుతుంటే, "ఏందే, మీ అమ్మ పోసిన నెయ్యంతా ఏమయింది?" అని నవ్వారు. కాలిబాట మొదలయ్యాక నవ్వలేదు. ఆ కొండ మీద కాకి వాలదు. గాలి తప్ప చప్పుడు లేదు. పాత గుడి ముందు బండ మీద అన్నం పెట్టారు.

"కాకే రాదు గదా, ఎవరు తింటారు తాతయ్యా?"

"అడగబాకే. దణ్ణం పెట్టుకో."

దిగేటప్పుడు నన్ను ముందు నడవమన్నారు. "ఏం వినపడ్డా తిరగబాక."

వెనక ఆయన చేతికర్ర చప్పుడు వినిపిస్తూ ఉంది. ఒక మలుపు దాటాక ఆగిపోయింది. "అమ్మడూ!" అని పిలిచారు. నేను తిరగలేదు. ఇంటి పట్టింపు నిలబెడుతున్నానని లోపల గర్వం. కాసేపటికి మళ్లీ "అమ్మడూ!" ఈసారి గొంతు సన్నగా, వయసులో ఉన్నవాళ్ల గొంతులా ఉంది. నా కాలి పక్క నుంచి ఒక రాయి దొర్లుకుంటూ లోయలోకి పోయింది. ఇక ఉండబట్టలేక తిరిగాను.

తాతయ్య మలుపు దగ్గర ఒక బండ మీద కూర్చొని ఉన్నారు. తలపాగా ఒళ్లో ఉంది. ఇంటి బయట ఆయన్ను వట్టి తలతో చూడటం అదే మొదటిసారి.

"తప్పయిందా తాతయ్యా?"

"నేను తిరగలా," అన్నారు. "వాడు ఇక్కడే పిలిచాడు. ప్రభ ముందు ఎవరు నడవాలనే కాడ మాటామాటా అనుకొని పలకడం మానేశాం. 'అన్నయ్యా' అన్నాడు. వెనక్కి చూడకూడదన్న పట్టింపు నా కోపానికి అక్కరకొచ్చింది. కాలు జారి పిలుస్తన్నాడని నాకేం తెలుసు?" తలపాగా మళ్లీ చుట్టుకుంటూ అన్నారు: "గొల్లభామ తిరిగిందని అందరూ తప్పుబడతారు. తిరిగిన చోటే గదటే గుడి కట్టింది."

కింది మెట్టు దగ్గర అడిగాను. "రెండోసారి గొంతు మార్చి పిలిచావేంది?"

తాతయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "నేను పిలిచింది ఒక్కసారే." ఇద్దరం కొండ వైపు తిరిగి చీకటి పడే దాకా నిలబడ్డాం.

ఎవరి ముందూ వంగని మెడ నాది. కానీ వెనక నుంచి పిలుపు వినిపిస్తే, అది నన్ను కాదని తెలిసినా, తిరుగుతుంది. మొన్న మా ఇల్లు కొన్నవాళ్ల చేతికి తాళాలిచ్చి వీధిలోకి వచ్చినప్పుడు "అమ్మడూ!" అని వినిపించింది. నన్నలా పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. తిరిగి చూశాను. గొడ్ల చావడిలో ప్రభ బండి ఒక్కటే కనిపించింది. దాన్నీ ఇంటితో పాటే అమ్మేశాం.