ట్రాలీ వెనక నడిచిన ఘాటు

మొన్న ఆదివారం వికారాబాద్‌లో మా అల్లుడు ఇంటి ముందర కొత్త పికప్ బండి నిలబెట్టి, దాని వెనక ఒక చక్రాల గదిని తగిలించే పని పొద్దుననగా మొదలుపెట్టాడు. అనంతగిరి చూడటానికి పట్నం నుంచి వచ్చేవాళ్లకు అందులో పడకలు, పొయ్యి, ఫ్యాను అన్నీ ఉంటాయట, ఎక్కడ కావాలంటే అక్కడికి లాక్కుపోయి నిలబెడతారట. దాన్ని క్యాంపర్ అంటారని మా బిడ్డ చెప్పింది. ఇల్లు కట్టుకోవడానికి మనం చచ్చీచెడీ పునాదులు తవ్వించుకుంటే, వీళ్లు ఇంటికే చక్రాలు పెడుతున్నారు, చూడండి! అల్లుడు ఫోన్‌లో చూసుకుంటూ హుక్కు బిగించాడు, గొలుసులు తగిలించాడు, వెనక ఎర్రలైట్లకు వైర్లు కలిపాడు, ఆఖరున గదిలోని సామానంతా ముందు వైపుకు సర్ది, హుక్కు మీద కాస్త బరువు పడాలత్తమ్మా అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వాగలేదు. ఎందుకో చెబితే అతనికి అర్థమవుతుందో లేదో గానీ, ఎద్దుల బండి మీద పెరిగిన మన ఈడు వాళ్లకు అర్థమవుతుంది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మాది పెద్దేముల్. మామగారు సేద్యం చేసేవారు, మా ఆయనకు మాత్రం తాండూరులో టెంట్ హౌస్ పెట్టాలని ఒకటే పిచ్చి. పెళ్లిళ్లకు శామియానాలు, గంజులు, అంటే పెద్ద పెద్ద వంటగిన్నెలు, కిరాయికిచ్చే దుకాణం అన్నమాట. సామాను ఊరూరా తిప్పాలంటే బండి కావాలి. కొడుకు పోరు పడలేక మామగారు తన ఎద్దుల జతను కొడంగల్ అంగడికి తోలుకుపోయి అమ్మేసి వచ్చి, ఆ పూట అన్నం తినకుండా పడుకున్నారు. ఆ ఎద్దుల బదులు మా వాకిట్లోకి ఒక పాత పికప్ జీపు వచ్చింది. అది అక్కరకు రాకపోతే ఎద్దులూ పోయినట్టే, సేద్యమూ పోయినట్టే, ఇంటిల్లిపాదీ కూలికి పోవాల్సిందే. ఎవరూ నోరు తెరిచి అనలేదు గానీ ఈ సంగతి అందరికీ తెలుసు.

తీరా చూస్తే జీపులో గుడ్డలు పడితే ఇనుప గుంజలు పట్టవు, గుంజలు పడితే గంజులు పట్టవు. అందుకని వెనక ట్రాలీ లాగించాలనుకున్నారు. వెల్డింగ్ పని చేసే మా ఆయన దోస్తు పాత ట్రాక్టర్ హుక్కొకటి తెచ్చి జీపుకు అతికించాడు, వెనక భాగం కుంగకుండా కమాను పట్టీలు ఎక్కువ వేశాడు, రెండు పాత చక్రాల మీద ఇనుప డబ్బా కట్టాడు. ట్రాలీ జీపు కన్నా వెడల్పు కావడంతో వెనక వచ్చేది కనపడదని, మా ఆయన నేను బొట్టు పెట్టుకునే అద్దం ఊడదీసి, పొడుగాటి చువ్వకు కట్టి జీపు పక్కన బిగించాడు. చాలా రోజులు నేను జీపు దగ్గరికి పోయి బొట్టు పెట్టుకునేదాన్ని. అడిగినప్పుడల్లా "తెస్త తియ్" అనేవాడు, తెస్తే ఒట్టు!

మొదటి బేరం వికారాబాద్‌లో ఒక వ్యాపారస్తుల ఇంటి పెళ్లి. పొద్దెక్కేలోపల గంజులు చేరకపోతే వంటవాళ్లు పొయ్యి వెలిగించలేరు. సామాను ఎక్కించే పని మామగారే మీదేసుకున్నారు. బండి కట్టడం తెలిసిన మనిషి కదా, కాడి మీద బరువు పడితే ఎద్దుల మెడలు పుండ్లు పడతాయని, గుంజలు, గంజులు అన్నీ ట్రాలీ వెనక్కి జరిపించారు. ట్రాలీ ముందు కొసను ఒంటిచేత్తో పైకి లేపి చూపించి, పువ్వులాగ లేస్తున్నదని మురిసిపోయారు. వాకిట్లో ఉన్నవాళ్లంతా, వెల్డింగ్ దోస్తుతో సహా, ఎద్దుల బండి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఎట్ల ఏసిండు చూడుండ్రి అని అందరూ మెచ్చుకున్నారు.

మా ఆయన జీపు తోలాడు, గంజుల లెక్క చూడటానికి నన్నూ రమ్మంటే, మామగారు ఆ కొసన, నేను ఈ కొసన జీపు వెనక శామియానా గుడ్డల మీద కూర్చున్నాం. ఊరు దాటాక దిగుడు వచ్చి జీపు వేగం అందుకుందో లేదో, ట్రాలీ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. చూస్తుండగానే ఆ ఊపు జీపునే పట్టి ఈడ్చేంత అయింది. గంజులు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి, నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎలాగో రోడ్డు పక్క మట్టిలోకి దింపి ఆపాడు. హుక్కు చూశాడు, చక్రాలు చూశాడు, బోల్టులు చూశాడు, అన్నీ బాగానే ఉన్నాయి. మళ్లీ తోలితే మళ్లీ అదే ఊపు. చివరికి నెత్తి పట్టుకుని రోడ్డు పక్కన కూలబడి, "గీ పని మనతోని గాదు నాయినా, ఎడ్లను ఉత్తగనే అమ్మిపిచ్చిన" అన్నాడు. అంత మగవాడి కంట్లో నీళ్లు చూడటం నాకు అదే మొదలు.

మామగారు ట్రాలీ చుట్టూ తిరిగారు, జీపు తోక దగ్గర నిలబడి చాలాసేపు చూశారు. కూర్చున్నప్పుడు జీపు వెనక భాగం తన కిందనే పైకి లేస్తున్నట్టు ఆయనకు తెలుస్తూనే ఉందట.

"ఎడ్లకు నొస్తదని బరువంత ఎన్కకు ఏసిన. దీనికి మెడ ఏడున్నదిరా?" అన్నారు.

అని ఒక్క నవ్వు నవ్వారు, ఆ నవ్వు మధ్యలోనే కండువాతో కళ్లు తుడుచుకున్నారు. అంగడిలో అమ్మిన నాడు ఏడవని మనిషి ఆ రోడ్డు మీద ఏడ్చారు. ముగ్గురం కలిసి గంజులన్నీ ముందుకు జరిపాం, ట్రాలీ కొసను ఇద్దరు పట్టినా లేవనంతగా. తరువాత జీపు వెనక ట్రాలీ ఎంత బుద్ధిగా వచ్చిందో చెప్పలేను.

అయినా మామగారు పూర్తిగా మారతారా? అనంతగిరి ఘాటు, గుట్ట ఎక్కే మలుపుల దారి, మొదలు కాగానే జీపు మీద దబదబా చరిచి, "ఆపురా, ఎక్కుడున్నది, దిగుతం" అన్నారు. ఎద్దుల బండి ఎక్కుడు ఎక్కేటప్పుడు మనుషులు దిగి నడవాలి కదా మరి. కోడలిని కదా, నేనూ దిగాను. అప్పటిదాకా కొంగు నెత్తి మీంచి తీయకుండా, ఆయన ఎదురుపడితే తలుపు చాటుకు పోయినదాన్ని, ఆ మలుపుల్లో ఆయన పక్కన నడిచాను. ఏ ఎద్దు ఎక్కడ మొరాయించేదో చెప్పారు, మా అమ్మగారి ఊరి సంగతులు అడిగారు. పైన చెట్టు కింద జీపాపుకుని కూర్చున్న మా ఆయన మమ్మల్ని చూసి "కాశీ పోయొచ్చిండ్రా?" అని వెక్కిరించాడు. గంజులు వేళకే చేరాయి, దుకాణం నిలబడింది, మేం కూలికి పోలేదు. మమ్మల్ని మోసుకుంటూ ఆ ఘాటు ఎక్కే సత్తువ జీపుకు ఉందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆయన ఉన్నన్నాళ్లూ అక్కడ దిగి నడిచాం. ఆ ఇంటి గురించి, ఆయన గురించి నాకు తెలిసినదంతా ఆ ఎక్కుడు మీద విన్నదే.

మొన్న అల్లుడు మా బిడ్డను వెనక సీట్లో, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, నాకు బెల్టు పెట్టి, క్యాంపర్‌ను అదే ఘాటు ఎక్కించాడు. కుదుపు లేదు, ఊపు లేదు. పిల్లల తెలివికి మురిసిపోయాను, అబద్ధమెందుకు చెప్పాలి. పైకి చేరాక ఎట్లున్నదే అమ్మా అని మా బిడ్డ అడిగితే మస్తుగున్నది బిడ్డా అన్నాను. కానీ బండి ఎంత తొందరగా ఎక్కేసిందంటే, మా ముగ్గురికీ మాట్లాడుకోవడానికి దారి చాలలేదు.