తెడ్డు నీడ

మా పల్లెలో చదువుకున్న గాడిద ఎవరంటే నేనే. ముందే ఒప్పుకుంటున్నాను. ఇదంతా విన్నాక మీకు నన్ను తిట్టే శ్రమ తగ్గుతుంది.

ముత్తుకూరు దాటి సముద్రం వైపు వస్తే మా పల్లె. అందరివీ చేపల బతుకులే. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపి పట్నం చేస్తామని సర్కారువాళ్ళు ప్లాను వేస్తూ, మా పల్లెను డ్రోన్‌తో ఫోటోలు తీసి కంప్యూటర్లో అచ్చం అలాంటి పల్లెనే కట్టారు. డిజిటల్ ట్విన్ అంటారు దాన్ని. రోడ్డు ఎటు పోవాలో, బస్సులు ఎక్కడ ఆగాలో ముందు అందులో పెట్టి చూసి, జనాన్నే అడిగి తేలుస్తారట. జనానికి తెలుగులో విడమరిచి చెప్పే ఉద్యోగం నాకు దొరికింది. మన ఊరికి కవలపిల్ల పుట్టిందని అమ్మకు చెబితే, పురుడు ఎవరు పోసినారని అడిగి నవ్వింది.

సముద్రం మీదికి పోయి తిరిగిరాని మనిషికి మా దగ్గర సమాధి ఉండదు. ఒడ్డున ఇసుక దిబ్బ మీద అతని తెడ్డు నిలబెడతారు, దూరం నుంచి చూసి తన ఊరిని గుర్తుపట్టి వస్తాడని. ఆ తెడ్డు వైపు ఎవరూ వేలు చూపరు. సొరపిందెను వేలుపెట్టి చూపితే కుళ్ళిపోతుందంటారే, ఇదీ అంతే. చూపితే ఆ మనిషి పోయాడని మనమే తేల్చేసినట్టు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వేటకు పోయిన మా నాయన తెడ్డు కూడా ఆ దిబ్బ మీదే ఉండేది. అమ్మ ఈనాటికీ బొట్టు తీయలేదు.

బడి వరండాలో పెద్ద తెర పెట్టి ఊరందరినీ పిలిచాం. మీకు ముఖ్యమైన చోట వేలు పెట్టండి, అది మేం ముట్టుకోం అని నేనే చెప్పాను. ఆడవాళ్ళు ఎగబడ్డారు. కొళాయి మీద పెట్టారు, వలలు ఆరేసే చోట పెట్టారు. అమ్మ తను చేపలు ఎండబెట్టే చోట పెట్టింది. దిబ్బ మీద మాత్రం ఒక్క వేలూ పడలేదు. డ్రోన్ ఫోటోల్లో సన్నటి కర్రలు సరిగా రావు కాబట్టి, తెర మీద దిబ్బ బోడిగా ఉంది. ఇంజనీరు మంచివాడే, అందరినీ అక్కా అక్కా అని పలకరించేవాడు. ఆ ఇసుక ఖాళీయేనా అని అడిగాడు. అందరూ తలలు దించుకున్నారు. అమ్మ నా వైపు చూసింది.

నేను వేలు పెట్టనక్కర్లేదు, ఒక్క మాట టైపు చేస్తే చాలు. నాకు ఆ నమ్మకాలు లేవు కూడా. తెడ్ల కథ చెబితే పక్కనున్న ఆఫీసు పిల్లలు నవ్వుతారని సిగ్గుపడ్డాను. నా బొంద సిగ్గు. ఇంజనీరు ఖాళీ స్థలమని రాసుకున్నాడు.

ఇంటికి పోతూ రాసినావా పాపా అని అమ్మ అడిగింది. రేపు ఆఫీసులో చెప్తాలేమా అన్నాను. రేపు రేపనుకుంటూ, ఊరివాళ్ళ మాటలు తీసుకునే గడువు దాటించాను. ఆ దిబ్బ చదును చేసి బస్సులు నిలిపే చోటు కడతారని తేలాక ఏడుస్తూ ఆఫీసుకు పరిగెత్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. విని ఇంజనీరు కూడా బాధపడ్డాడు, ఒక్క మాట ముందే చెప్పి ఉంటే అన్నాడు. ప్లాను అప్పటికే ఖాయమైపోయింది; తెడ్డు పీకడమంటే మనిషి పోయాడని ఒప్పుకోవడమే కాబట్టి ఊళ్ళో ఎవరూ వాటిని తీయలేదు.

అమ్మ చేపల గంపతో ముత్తుకూరు పోయిన పూట ఇసుక తవ్వే మిషను వచ్చింది. ఆమె తిరిగొచ్చేసరికి దిబ్బ లేదు. తెడ్లు ఇసుకతోపాటు లారీల్లో పోయాయి. అమ్మ గంప దించి, మిగిలిన చేపలు ఎండకు పరిచింది. రెండు తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

కొన్నాళ్ళకు, నా ఫోనులో ఆ కవలపిల్లను చూపించమంది. పాత ఊరు ఇంకా అందులో అలాగే ఉంది. దిబ్బ దగ్గరికి తీసుకుపోయాను. అమ్మ ఫోనును కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. పొద్దుటెండలో తీసిన ఫోటోలు. తెడ్డు రాలేదు గానీ ఇసుక మీద దాని నీడ పడింది. రోజూ ఆ బొమ్మతోనే పనిచేసిన నాకు అది ఎన్నడూ కనిపించలేదు.

"ఇదే మీ నాయనది. కొన విరిగింది చూడు," అంది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఆ నీడ మీద వేలు పెట్టింది.

ఫోనులో చిన్న గడి తెరుచుకుంది. ఏమడగతా ఉంది అంది. ఈ స్థలం మీకు ఎందుకు అవసరం అని అడుగుతోందని చదివి చెప్పాను.

అమ్మ వేలు తీయలేదు.

"ఇంక అవసరం లేదని రాయి పాపా. తెడ్డే లేదు, ఏం గుర్తు చూసి వస్తాడు ఆయన?"