ఒకే కుండకు రెండు లోతులు

కొత్తపేట దగ్గర కొబ్బరితోటలో పాతకాలపు దిబ్బ మీద పురావస్తు తవ్వకం జరిగిన ఆ కొన్ని నెలలూ నేను పంపుసెట్టు పాకలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పని చేశాను. అమలాపురంలో డ్రాయింగు కోర్సు చదివి, పొలాల కొలతల పనులు చేసుకుంటున్న నన్ను తవ్వకానికి పెద్దగా ఉన్న ప్రొఫెసరు గారు పిలిచారు. ఆవిడను అందరం మేడం అనేవాళ్ళం. తవ్వేవాళ్ళు రాసిచ్చిన కాగితాలను మ్యాపులోకి ఎక్కించడం నా వంతు. సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికేదే. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేసినది. వీడియోలు చూసి నేర్చుకున్నాను. దొరికిన ప్రతి పెంకుకూ తెరమీద ఒక చుక్క. చుక్కను నొక్కితే అది ఏ గుంటలో, ఏ రోజున, ఎంత లోతున దొరికిందో కనబడుతుంది.

లోతు కొలవడానికి దిబ్బ అంచున ఒక ఇనప మేకు పాతాం. దాని తలే మాకు సున్నా. అక్కణ్ణించి ఎంత కిందికి అన్నదే లెక్క. మేకు కదల్లేదని రోజూ పొద్దున్నే పాక గడపతో సరిచూడడం కూడా నా పనే.

దిబ్బకు పడమటి వైపు గుంటల్లో మొదట ఒక గచ్చు నేల బయటపడింది. తర్వాత తూర్పు వైపు కూడా గచ్చు నేలే వచ్చింది, కాని జానెడు పైకి. అంటే రెండు నేలలు. మేడం ఒక సాయంత్రం ఊరివాళ్ళను తోటలో కూర్చోబెట్టి చెప్పారు: "ఇక్కడ ఒక ఊరుండేది. బహుశా వరదకు పోయింది. కాని వాళ్ళు వెళ్ళిపోలేదు. మట్టి పోసుకుని, దాని పైనే మళ్ళీ ఇళ్ళు కట్టుకున్నారు."

గోదావరి వరద గురించి వేరే చెప్పనక్కర్లేని మనుషులు. తోట సొంతదారు మామ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "మనలాగే మళ్ళీ లేచేరన్నమాటండీ" అన్నారు.

వారం గడిచింది. ఫొటోలను చుక్కలకు జత చేస్తున్నాను. నడిమి గుంటలో దొరికిన ఒక కుండ ఫొటో చూశాను. మూతి దగ్గర పెచ్చు ఊడి ఉంది. కాసేపటికి ఇంకో చుక్క తెరిస్తే మళ్ళీ అదే కుండ, అదే పెచ్చు. శనివారం మూతి బయటపడగానే ఒకరు కొలిచి రాశారు. సోమవారం పైకి తీసేముందు ఇంకొకరు కొలిచారు. ఒకే కుండ. ఒకే మూతి. రెండు లోతులకూ మధ్య జానెడు తేడా.

లోతులు కనబడేలా దిబ్బను పక్కనుంచి చూపే బొమ్మ తెరిచి, చుక్కలకు గుంటను బట్టి వేసిన రంగులు తీసేసి, తేదీని బట్టి వెయ్యమన్నాను. ఆ రెండు కొలతల మధ్య వచ్చిన ఆదివారానికి ముందువన్నీ నీలం, తర్వాతవన్నీ ఎరుపు. తెరమీద కింది నేలంతా నీలంగా, పై నేలంతా ఎర్రగా మారిపోయింది. ఒక్క చుక్క కూడా కలవలేదు.

లేచి మేకు దగ్గరికి పరుగెత్తాను. జానెడు పైకి ఉండాల్సిన మేకు తల మట్టిలో కలిసిపోయి ఉంది. పక్కనే మామ్మగారు దూడకు గడ్డి వేస్తున్నారు.

"మామ్మగారూ, ఈ మేకు ఎవరైనా కదిపేరాండీ?"

"ఆయ్, నేనేనమ్మా. దానికి కాలు తగిలి దూడ పడిపోయింది. మీరెవరూ లేరు, ఆదివారం కదా. రోకలితో నేల మట్టానికి దిగ్గొట్టేను. ఏం, తప్పా అండీ?"

నేను మేడం కోసం వెతుక్కుంటూ వెళ్ళాను.

మేడం తూర్పు గుంట గట్టు మీద ఉన్నారు. చెప్పింది చివరిదాకా విన్నారు. నన్ను ఒక్కటే అడిగారు.

"సోమవారం పొద్దున్న సున్నా సరిచూశారా?"

"లేదండి."

నిజమే. ఆ రోజు రావులపాలెంలో బస్సు తప్పిపోయి ఆలస్యంగా వచ్చాను. అప్పటికే అంతా పనిలో ఉన్నారు. మర్నాడు చూద్దామనుకున్నాను. తర్వాత ఏ రోజూ చూడలేదు. అడిగేవాళ్ళు లేరు, నేను మానేశాను.

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. లెవెల్ యంత్రం తెప్పించి పాక గడపతో మేకును మూడుసార్లు సరిచూశారు. మూడుసార్లూ జానెడు తక్కువే. "వెళ్ళి సరిచెయ్యండి. పాత ఫైలు మాత్రం తుడిచెయ్యొద్దు" అన్నారు.

ఎర్ర చుక్కలన్నిటికీ ఆ జానెడు కలపమని ఒక్క వరుస రాసి, మీట నొక్కాను. చుక్కలన్నీ ఒక్కసారిగా కిందికి దిగి నీలం చుక్కల్లో కలిసిపోయాయి. ఒకటే నేల. వరద లేదు. తిరిగొచ్చినవాళ్ళు లేరు. అంతమంది కన్నీళ్ళు పెట్టుకున్న ఊరు రెప్పపాటులో పోయింది. నా వెనక నిలబడ్డ మేడం కుర్చీ వీపు పట్టుకున్నారు.

మర్నాడు ఆవిడ మళ్ళీ ఊరివాళ్ళను పిలిచారు. "నేను తప్పు చెప్పాను. ఇక్కడ రెండు నేలలు లేవు" అన్నారు. నా పేరు గాని, మామ్మగారి పేరు గాని ఎత్తలేదు. నేనే లేచి, సున్నా చూడాల్సింది నేనండీ అని చెప్పేశాను. వెనకనుంచి ఒకాయన, "మరి పోయిన వారం అంత గట్టిగా చెప్పేరేంటండీ?" అన్నాడు. మేడం తలవంచుకుని, "అవునండీ" అన్నారు. అంతే.

మామ్మగారికి మేకు సంగతి పట్టలేదు. "అయితే వరద రాలేదా అమ్మా?" అని నన్ను అడిగారు.

"వచ్చిందో లేదో తెలీదండీ."

"వాళ్ళు మళ్ళీ లేచేరని ఈ వారమంతా ఎంత బాగుందో" అని ఇంట్లోకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత మేడం పాత ఫైలూ, సరిచేసిన ఫైలూ రెండింటినీ ఎవరైనా తెరిచి చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టారు, తప్పు ఎలా జరిగిందో వివరంగా రాసి మరీ. నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. గుంటల మధ్య తవ్వకుండా వదిలిన మట్టి పట్టీలను మరుసటి వేసవిలో తవ్వించారు. గచ్చు నేల పడమటినుంచి తూర్పుదాకా ఎక్కడా తెగకుండా బయటపడింది. నిచ్చెన దిగి వెళ్ళి దానిమీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా, సమంగా ఉంది. మేం సరిచేసింది నిజమేనని తేలినందుకు ఊరట కలగాలి. కాని నాకు ఆ పెచ్చూడిన కుండే గుర్తొచ్చింది. దాన్ని ఒక్కసారే కొలిచి ఉంటే ఈ పట్టీలను తవ్వి చూసేవాళ్ళమే కాదు, మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.