తెలుగు నేర్పమన్న కుక్కల డాక్టరమ్మ

ఆ ఆదివారం పొద్దున మా కుక్క విస్సు కోసం ఉడికించిన కోడిగుడ్డు ఒలుస్తుండగా కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. డాక్టర్ వసుంధర గారి అమ్మాయి. "మాష్టారూ, అమ్మ ఇక లేదండీ. తెల్లవారుజామున గుండెపోటు. ఆసుపత్రికి తీసుకెళ్లే వ్యవధి కూడా ఇవ్వలేదు" అంది. నేను పలకకపోయేసరికి వినపడలేదనుకుని మళ్లీ చెప్పింది. వినపడింది. వినడమూ నమ్మడమూ ఒకటి కాదు కదా! ముందురోజు సాయంత్రమే ఆవిడ ఫోన్‌లో నాతో పోట్లాడారు, విస్సు బరువు పెరిగిపోయిందని. "మీ ప్రేమంతా దాని పొట్టలోనే కనబడుతోంది మాష్టారూ, కాస్త తగ్గించండి" అన్నారు. అంతటి సజీవ కంఠస్వరం తెల్లారేసరికి ఎలా మూగబోతుంది? విధివిలాసం అని పెద్దలు సమాధానపడతారు. నాకు మాత్రం ఇది ఒట్టి అన్యాయం అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ల మధ్యనే సర్వీసంతా గడిపిన పశువైద్యురాలు వసుంధర గారు. సర్కారు ఆవిడను నియమించింది బర్రెలకూ గొర్రెలకూ. జనం మాత్రం 'కుక్కల డాక్టరమ్మ' అన్నారు. కుక్కకూ వైద్యమేనా అని నవ్వే రోజులవి, ఆ పేరులో వెటకారం పాలు ఎక్కువే. ఆవిడ దాన్ని బిరుదుగా స్వీకరించారు. "బర్రెకు పాలున్నాయి, అందుకని దాన్ని డాక్టరు దగ్గరికి తోలుకొస్తారు. కుక్కకు ఏముంది? యజమాని మనసు తప్ప దానికి వేరే ఆస్తి లేదు" అనేవారు.

సూర్యాపేటకు బదిలీ అయి మా వీధిలో దిగిన వారంలోనే ఆవిడ మా ఇంటికి వచ్చారు. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. "మాష్టారూ, నాకు తెలుగు నేర్పాలి మీరు" అన్నారు. ఆవిడది కృష్ణా జిల్లా యాస. నాకు ఒళ్లు మండింది. ఆ వైపు నుంచి వచ్చినవాళ్లలో మా మాట తెలుగే కాదన్నవాళ్లను చాలామందిని చూశాను, ఈమెది కొత్తరకం వెక్కిరింత అనుకున్నాను. "మీ కృష్ణా జిల్లా తెలుగుకు మేం నేర్పేటిదేముంటదమ్మా" అన్నాను ముఖం ముడుచుకుని. ఆవిడ నొచ్చుకోలేదు. కుర్చీలో కూర్చుని, "భాష రాక ఒక ప్రాణం పోగొట్టానండీ" అన్నారు. తర్వాత జరిగింది చెప్పారు.

ఉద్యోగం కొత్తలో ఆవిడ మిర్యాలగూడలో పనిచేశారు. పుట్టిల్లు జగ్గయ్యపేట అవతల. మెట్టినిల్లు కోదాడే అయినా, కోదాడ మాటలో సగం ఆ జిల్లా గాలే కాబట్టి ఈ ప్రాంతపు పలుకుబడి ఆవిడ చెవికి ఇంకా పట్టలేదు. ఒక సాయంత్రం రైసు మిల్లు కూలి యాదమ్మ మిల్లు ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. "అమ్మా, మా నల్లోని గొంతుల బొక్క వడ్డది. తింటలేడు. నెత్తురు గూడ కొద్దిగ వస్తున్నది" అంది. నల్లోడు ఆమె కుక్క. బొక్క అంటే మనకు ఎముక. వసుంధర గారు పుట్టినచోట బొక్క అంటే రంధ్రం. కుక్కలు కొట్లాడుకుని మెడకు లోతైన గాయాలతో రావడం ఆవిడ రోజూ చూస్తున్నదే. అదే అనుకున్నారు. "ఉప్పునీళ్లతో కడిగి ఆయింట్‌మెంట్ రాయి, మెత్తటి అన్నం పెట్టు, రేపు పొద్దున తీసుకురా" అన్నారు. యాదమ్మ చెప్పింది చెప్పినట్టే చేసింది. మెడ మీద వెంట్రుకలు పాయలు తీసి కడిగింది, మందు రాసింది, గొంతులో ఎముక ఇరుక్కున్న కుక్కకు బలవంతాన అన్నం తినిపించింది. తెల్లవారేసరికి నల్లోడు చచ్చిపోయాడు.

మర్నాడు యాదమ్మ కోసం ఎదురుచూస్తుంటే, అదే మిల్లులో పనిచేసే హమాలీ ఒకతను వచ్చి సంగతి చెప్పాడు. "గొంతుల బొక్క ఇరికి సచ్చిపోయిందమ్మా" అన్నాడు. బొక్క పడుతుంది గానీ ఇరుక్కోవడం ఏమిటని ఆవిడ అడిగారు. అతను తన ముంజేయి పట్టుకుని, "బొక్కమ్మా, బొక్క. గిది" అని చూపించాడు. వసుంధర గారికి అప్పుడు అర్థమైంది. అప్పటికప్పుడు యాదమ్మ ఇంటికి పోయి, "తప్పు నాది, నీ మాట నాకు అర్థం కాలేదు" అన్నారు. యాదమ్మ మాట్లాడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ తర్వాత మళ్లీ ఎన్నడూ ఆసుపత్రి గడప తొక్కలేదు. "తిట్టినా బాగుండేది మాష్టారూ. ఆమె ఏదో ఒకరోజు ఏదో ఒక జీవాన్ని తీసుకుని నా దగ్గరికి రావాలి. అప్పటిదాకా నేను క్షమింపబడనట్టే" అన్నారు.

ఇక నేనేం బెట్టు చేస్తాను! ఆ సాయంత్రం నుంచే పాఠాలు మొదలయ్యాయి. పెయ్యి అంటే ఒళ్లు, దూప అంటే దాహం, సోయి అంటే స్పృహ. 'పెయ్యి' దగ్గర ఆవిడకు మరో పరాభవం జరిగి ఉంది. "మేకకు పెయ్యి కాలుతంది" అని ఒకాయన పరుగున వస్తే, ఆవిడ పెయ్య అంటే ఆవుదూడే అనుకుని, దానికి నిప్పంటుకుందేమోనని బకెట్టు పట్టుకుని లేచారట. అది చెప్పి తనే విరగబడి నవ్వేవారు. కొన్నాళ్లకు ఆవిడ భాష ఒక వింత మణిప్రవాళమైంది. "పెయ్యి కాలుతోందాండీ? దూప ఎక్కువగా ఉందాండీ?" అని అడుగుతుంటే మావాళ్లు ముసిముసిగా నవ్వుకునేవారు.

అంతటితో ఆగలేదు. ఎవరొచ్చినా కుక్క బాధను నోటితో ఒకసారి చెప్పాలి, తమ ఒంటిమీద చేత్తో మరోసారి చూపించాలి, ఇదీ ఆవిడ పెట్టిన నియమం. చిన్నాపెద్దా తేడా లేదు. ఖద్దరు చొక్కా వేసుకున్న నాయకుడొకాయన తన అల్సేషియన్‌కు తోక దగ్గర పుండు పడిందని అనుచరులతో సహా వచ్చారు. "మీ ఒంటిమీద చూపించండి" అన్నారు ఆవిడ. "తోక నేనెక్కడ సూపియ్యాలమ్మా" అని ఆయన దిక్కులు చూశారు. "ఉంటే ఎక్కడ ఉండేదో అక్కడే చూపించండి" అన్నారు నిర్వికారంగా. నాయకుడు వెనక్కి తిరిగి చూపించారు. అనుచరులు బయటికి పోయి నవ్వారట, లోపల నవ్వే ధైర్యం లేక.

మా విస్సు సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. కళ్లపైన రెండు చుక్కలున్న కుక్కపిల్లను ఆవిడే మా ఇంటికి అంటగట్టారు. నేను దానికి 'విసర్గ' అని నామకరణం చేశాను, అదే విస్సు అయింది. "పక్కకు పడుకున్న విసర్గ అన్నమాట" అని ఆమోదించారు. అది కాస్త పెరిగాక, తింటున్నప్పుడు దగ్గరికి వెళితే గుర్రుమనడం మొదలుపెట్టింది. అన్నం పెట్టిన చేతికే ఎదురుతిరుగుతుందా అని నేను చెప్పు తీశాను. ఆవిడ గేటు దగ్గరి నుంచే అరిచారు. "గుర్రుమనడం తిట్టు కాదు మాష్టారూ, మనవి. కొట్టి మనవి మాన్పిస్తే, రేపు మనవి చెయ్యకుండానే కరుస్తుంది." తర్వాత విధానం నేర్పారు. అది తింటున్నప్పుడు కొంచెం దూరంలో నిలబడి, గిన్నెలో ఉన్నదానికంటే రుచైన ముక్క ఒకటి వేసి వెళ్లిపోవాలి. రోజూ అంతే. చెయ్యి దగ్గరికి వస్తే ఉన్న తిండి పోదు, ఇంకా వస్తుందని దానికి తెలియాలి. ముప్పై ఏళ్లు బెత్తంతో పాఠం చెప్పిన నాకు అది మింగుడుపడటానికి సమయం పట్టింది. విస్సుకు మాత్రం త్వరగానే బోధపడింది, నేను వస్తుంటే తోక ఊపసాగింది.

మా ఇంటామెతో ఆవిడకు తిండి దగ్గర నిత్యకలహం. రాత్రి మిగిలిన పులుసన్నం, పచ్చడి మెతుకులు విస్సు గిన్నెలో వేయడం ఆమెకు అలవాటు. "కుక్కకు గింత మర్యాదెందుకు డాక్టరమ్మా, ఏదేస్తే అది తింటది" అనేది. "తింటుంది వదినా, తిన్నాక గోక్కునేది కూడా అదే. మిగిలింది వెయ్యడం దాని భోజనం కాదు, మన సౌకర్యం" అనేవారు ఈవిడ. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష దాని దరిదాపుల్లో ఉండకూడదు. కారం, మసాలా వద్దు. అన్నంలో ఉడికించిన గుడ్డో, బొక్క తీసిన కోడిమాంసమో కలపాలి. నీళ్ల గిన్నె ఎండాకాలం నీడలో, ఎప్పుడూ నిండుగా ఉండాలి. పాలు పడని కుక్కకు పాలు పోసి, విరేచనాలైతే దిష్టి తగిలిందనొద్దు. ఆఖరి మాట మా ఇంటామెను ఉద్దేశించే అన్నారు. ఇద్దరూ కలిసి చాయ్ తాగుతూనే ఈ యుద్ధం చేసేవారు.

కుక్కల దగ్గర అంత శాంతమూర్తి, మనుషుల మూర్ఖత్వం దగ్గర మాత్రం అగ్నిహోత్రమే. పురుగులు పట్టిన పుండు మీద ఫినాయిల్ పోసుకొచ్చినాయన్ను, "ఫినాయిల్ గచ్చుకు, నీ కుక్క గచ్చా?" అని కడిగేశారు. మా వీధిలో కూరగాయలమ్మే రాములును పిచ్చికుక్క కరిస్తే, అతను పసరు పోయించుకోవడానికి ఆటో ఎక్కాడు. ఆవిడ ఆటోకు అడ్డం నిలబడ్డారు. "దిగు. ముందు కుళాయి కింద పావుగంట సబ్బుతో కడుగు. తర్వాత దవాఖానకు పోయి సూదులన్నీ వేయించుకో, ఒక్కటి కూడా ఎగ్గొట్టకు. పసరు పోసేవాడు రేపు నీ పాడె మోస్తాడా?" అన్నారు. రాములు గొణుక్కుంటూ దిగాడు. అతను ఇప్పటికీ కూరగాయలు అమ్ముతున్నాడు, అంత్యక్రియల రోజు మాత్రం బండి పక్కన పెట్టి కోదాడ వచ్చి, అందరికంటే ముందు నిలబడి ఏడ్చాడు.

మిర్యాలగూడలో కుక్కలకు టీకాల శిబిరం పెట్టినప్పుడల్లా, పదవీ విరమణ తర్వాత కూడా, ఆవిడ కోదాడ నుంచి పనిగట్టుకుని వెళ్లేవారు. ఒకటి రెండుసార్లు నేనూ తోడు వెళ్లాను. సూది వేస్తూనే వరుస వైపు కళ్లు పరిగెత్తేవి. యాదమ్మ కుక్కపిల్ల వచ్చేది, పక్కింటివాళ్ల చేతుల్లో. యాదమ్మ రాదు. తిరుగు ప్రయాణంలో ఆవిడ బస్సు కిటికీలోంచి చూస్తూ, "ఇంకా కోపం పోలేదు మాష్టారూ" అనేవారు. ఎన్నో జీవాలను బతికించిన చెయ్యి అది. ఎన్ని ఊళ్ల కృతజ్ఞతా ఆ ఒక్క మనిషి మౌనానికి సాటి రాలేదు.

అందుకే ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చుంటే కలం కదలలేదు. యాదమ్మ మీద కోపం అడ్డుపడింది. మొన్న బస్సెక్కి మిర్యాలగూడ వెళ్లాను. రైలుకట్ట పక్కన, మిల్లుల వెనక ఆమె ఇల్లు. ముసలిదైపోయింది. గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది, కాళ్ల దగ్గర ఒక ఎర్రకుక్క పడుకుని ఉంది.

"వసుంధర డాక్టరమ్మ యాదికున్నదా?" అన్నాను.

చేట పక్కన పెట్టి లేచింది. "అయ్యో, యాదికి లేకుండ ఎట్లుంటది సారూ. అమ్మ మంచిగున్నదా?"

నేను దానికి జవాబు చెప్పలేదు, కోపంలో ఉన్నాను. "గంత పెద్ద మనిషి నీ ఇంటికొచ్చి తప్పు నాదన్నది. ఒక్క మాటన్న అనకపోతివి. ఇన్నేండ్లు గా కోపం ఎట్ల పెట్టుకున్నవమ్మా?" అన్నాను.

యాదమ్మ నన్ను వింతగా చూసింది. "కోపమా? నాకెందుకు సారూ కోపం? కోడి బొక్కలు ఏసింది నేనే గదా. కుక్కకు కోడి ఎముకలు ఏయొద్దని అమ్మ అంతకుముందే జెప్పింది. ఎముకలంటే బొక్కలేనని నాకు సమజైంది గూడ. అయినా దావతు నాడు, పాపం తింటడు గదాని ఏసిన. నా చేతుల్తోని నేను సంపుకుంటే, అమ్మ ఇంటికొచ్చి తప్పు నాదంటది. నాకు సిగ్గుతోని నోరు వెగలలే. ఇగ ఏ మొఖం పెట్టుకొని ఆమె ముంగటికి పోవాలె? టీకాలప్పుడు దూరంకెల్లి సూసి మళ్లొస్తుంటి."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఎదురెదురుగా ఇద్దరు మనుషులు, ఎవరికి వారు తప్పు నాదే అనుకుంటూ, ఇన్నేళ్లు ఒకరి మౌనాన్ని ఒకరు తప్పుగా చదువుకున్నారు. ఇంత తెలుగు చదివిన నేను ఆ రెండు మౌనాల మధ్య బస్సులో కూర్చుని వచ్చాను, ఒక్కనాడూ ఆ తలుపు తట్టలేదు.

యాదమ్మ నా దగ్గరికి వచ్చింది. "జర అమ్మకు జెప్పు సారూ, యాదమ్మకు ఏం కోపం లేదని. ఈ ఎర్రోనికి చెవు గుంజుతున్నది, రేపో ఎల్లుండో నేనే తోలుకొస్తనని జెప్పు" అంది.

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. యాదమ్మ గడపలోనే కూలబడి, కుక్క మీద చెయ్యి వేసి, చాలాసేపు ఏడ్చింది. నేను కూడా.

ఈ మూడు ఊళ్లలో కుక్కలకు వైద్యం చేసేవాళ్లు ఇంకా వస్తారు, ఇంకా మంచి మందులూ వస్తాయి. ఎదుటి మనిషి మాట సరిగా వినడానికి ఒక తెలుగు పండితుడి గుమ్మం తొక్కిన వైద్యురాలు మాకు మళ్లీ దొరకదు. ఆవిడ పాదాలకు నమస్కరిస్తూ, యాదమ్మ నా మీద పెట్టిన పని ఒకటి ఇక్కడే చేస్తున్నాను.

అమ్మా, యాదమ్మకు మీ మీద కోపం లేదట. చెప్పమంది.