మార్పులేమీ లేవు

రంగులు వేసే ఆ పెద్దమనిషిని అందరూ నిచ్చెన అంటారు. మనిషి పొడుగు, మాట పొట్టి. పదకొండేళ్ళుగా ఆయన బీమా కాగితాలు చూసే ఏజెంటుని నేను. చూడడమంటే ఏం లేదు. ఏటా ఒకసారి ఫోన్ చేసి "మార్పులేమైనా ఉన్నాయా?" అని అడిగేవాణ్ణి. "ఏమీ లేవండీ" అనేవాడు. పాత ఫారానికే కొత్త తేదీ తగిలించి పంపేసేవాణ్ణి. అదీ నా ఘనకార్యం.

ఇళ్ళకు రంగులు వేసేవాణ్ణి కాగితాలు ఎవరూ అడగరు. గోడ ఎప్పటికి ఆరుతుందని అడుగుతారు, అంతే. ఆఫీసు భవనాల సంగతి వేరు. అక్కడ గేటు దాటాలంటే రెండు బీమాలు చూపించాలి. పైనుంచి డబ్బా జారి ఎవరి కారు మీదైనా పడితే దానికొకటి, తనే జారిపడితే దానికొకటి. ఈ రెండోదాంట్లో నామినీ అని ఒక గడి ఉంటుంది. మనిషి పోతే సొమ్ము ఎవరికి చేరాలో వాళ్ళ పేరు అక్కడ రాయాలి. నిచ్చెన కాగితంలో అక్కడ ఆయన భార్య పేరుండేది.

ఈమధ్య ఒక ఏడంతస్తుల ఆఫీసు భవనానికి బయటి గోడల పని ఆయనకు దాదాపు ఖాయమైంది. రెండు నెలలుగా చేతిలో పనిలేక గోళ్ళు గిల్లుకుంటున్నాడు. ఇదీ పోతే ఈ వయసులో ఇంకొకరి కింద కూలికి వెళ్ళడమే. కాగితాలు సరిచూస్తామని ఆ భవనం మేనేజరమ్మ పిలిచింది. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను.

ఆవిడ ఒక్కో లైనూ వేలు పెట్టి చదివింది. అలాంటి వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. నేను చెయ్యాల్సిన పని వాళ్ళు చేస్తారు కదా, అందుకు.

"నామినీ మీ ఆవిడేనా? ఏదైనా జరిగితే మేం ఫోన్ చెయ్యాల్సింది ఈ నంబరుకేనా?" అంది.

నిచ్చెన తలూపాడు.

"ఒకసారి చేసి చూస్తానండీ. మొన్న ఒకాయన ఇచ్చిన నంబరు చెప్పుల షాపుది."

ఆవిడ నంబరు నొక్కింది. నిచ్చెన సంచిలో ఫోన్ మోగింది.

నాకు నవ్వాగలేదు. "మీ ఆవిడ ఫోన్ పట్టుకొచ్చేశారా? ఇంటికెళ్ళాక ఉంది మీ పని!" అన్నాను.

ఆయన బ్రష్షుల మధ్య నుంచి ఫోన్ తీసి ఆపాడు. పాతదే, కానీ దాని మీద రంగు మరక ఒక్కటి లేదు.

"ఆవిడ లేదండీ. ఆరేళ్ళైంది," అన్నాడు.

నాలుక కరుచుకున్నాను. ఆరుసార్లు ఫోన్ చేశాను, ఆరుసార్లూ అదే ప్రశ్న అడిగాను. తప్పు నాదైనప్పుడు నా గొంతు ఇంకా లేస్తుంది. "మరి నాతో ఒక్క మాట చెప్పొద్దూ?" అని విరుచుకుపడ్డాను.

"ఏం చెప్పనండీ? మా ఇద్దరి పేర్లూ కలిసి అచ్చులో వచ్చేది ఏడాదికి ఈ ఒక్క కాగితంలోనే. తీసెయ్యమని నా నోటితో ఎలా చెప్పను?"

మేనేజరమ్మ గొంతు తగ్గించింది. "బతికున్న మనిషి పేరు కావాలండీ. సాయంత్రం లోపు కొత్త కాగితం ఇవ్వకపోతే పని వేరేవాళ్ళకు వెళ్ళిపోతుంది."

బయట మెట్ల మీద కూర్చున్నాం. ఎవరున్నారని అడిగాను. పిల్లల్లేరు. అన్నదమ్ములూ లేరు. "మరదలుంది. మా ఆవిడ పోయాక నేనే తనతో మాట్లాడ్డం మానేశాను. అచ్చం అక్క గొంతేనండీ ఆ పిల్లది. వినలేకపోయాను," అన్నాడు.

మరదలి నంబరు ఆ ఫోన్‌లోనే ఉంది. అందులోంచే చేశాడు. వేలు ఎక్కడో తగిలి స్పీకరు ఆనైంది, నాకూ వినబడింది. చివరి రింగుకి గానీ అవతల ఎత్తలేదు.

"బావా?" అంది. "ఫోన్ మీద అక్క అని పేరు పడింది. ఎత్తాలంటే భయమేసింది."

సంగతి చెప్పి, పుట్టిన తేదీ అడిగాడు. చెప్పింది. తర్వాత, "అక్క రోజూ పదింటికి ఫోన్ చేసి, పైనుంచి పడకుండా బెల్టు పెట్టుకున్నారా అని అడిగేది కదా. ఇప్పుడెవరడుగుతున్నారు?" అంది.

"ఎవరూ అడగట్లేదమ్మా," అన్నాడు. ఆ మాటకు నేను లేచి అవతలికి వెళ్ళిపోయాను.

కొత్త ఫారంలో చుట్టరికం గడి కింద మరదలు అన్న మాట లేదు. 'ఇతరులు' దగ్గర టిక్కు పెట్టాను. నిచ్చెన దాన్ని ఒకసారి చూశాడు, సంతకం పెట్టాడు. భార్య పేరున్న పాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

వారం తర్వాత అటువైపు వెళ్ళాను. నాలుగో అంతస్తు దగ్గర తాళ్ళకు వేలాడే చెక్క మీద ఒక్కడే నిలబడి గోడ గీకుతున్నాడు. పది కావస్తోంది. బెల్టు సంగతి ఇకనుంచి నేనే అడుగుదామనుకున్నాను. పదకొండేళ్ళలో అదొక్కటైనా సరిగ్గా చెయ్యాలి కదా. అలవాటైన నా ప్రశ్న కాకుండా వాళ్ళావిడ ప్రశ్న అడగాలని, ఆవిడ నంబరుకే చేశాను.

వేరే కాల్‌లో ఉన్నారని వచ్చింది.

తలెత్తి చూశాను. ఆయన ఒక చేత్తో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, రెండో చేత్తో నడుం దగ్గర బెల్టు కొక్కెం లాగి చూసుకుంటున్నాడు.